మామ్మకు తొంభై ఏళ్ళు నిండుతున్నాయి: ఆమె చూసిన మార్పులను ఎలా సేకరించాలి?

దివిసీమ వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా మామ్మకు, అంటే మా నాన్నగారి తల్లికి, వచ్చే రథసప్తమి నాటికి తొంభై ఏళ్ళు నిండుతాయని మా కుటుంబంలో అందరి లెక్క. ఆధార్ కార్డులో 1940 జనవరి 1 అని ఉన్నది కానీ ఆ తేదీ ఎవరో నమోదు చేసేటప్పుడు తోచింది వేసినదే తప్ప దానికి ఆధారం లేదు. తాను యువ నామ సంవత్సరంలో రథసప్తమికి ముందు రోజు పుట్టానని ఆమె గట్టిగా చెబుతుంది. పిల్లలు, మనవలు, మునిమనవలు అందరూ ఊరికి వచ్చి ఒక రోజు పండుగలా జరపాలని నిశ్చయించారు, ఆమె జీవితకాలంలో వచ్చిన మార్పులన్నీ చూపే ఒక పెద్ద బోర్డు తయారు చేసే పని నాకు అప్పగించారు.

నేను స్వాతంత్ర్యం, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1957లో ప్రకాశం బ్యారేజీ, నాగార్జునసాగర్, టీవీ, సెల్‌ఫోను, 2014లో రాష్ట్ర విభజన అని వరుసగా రాసుకుని ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "ఇవన్నీ పేపర్లో వచ్చినవే కదరా, వంతెన రాయలేదేం?" అని అడిగింది. ఆమె అన్నది పెనుమూడి–పులిగడ్డ వంతెన గురించి. ఆమె పుట్టిల్లు రేపల్లె వైపు, మెట్టినిల్లు దివిసీమలో. మధ్యలో కృష్ణ. వంతెన కట్టేదాకా పుట్టింటికి వెళ్ళాలంటే రేవుకు వచ్చి పడవ కోసం కాచుకోవాలి, లేదా బెజవాడ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. తండ్రి పోయినట్టు టెలిగ్రాం అందిన నాడు నది పొంగి పడవలు ఆపేశారట, ఆమె కడచూపుకు నోచుకోలేదు.

ఇప్పుడు నా బోర్డు మీద నాకే నమ్మకం పోయింది. ఇటువంటి పని చేసినవారు ఎవరైనా ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పగలరు.

పంచాంగ ప్రియుడు:

ముందు వయసు సంగతి తేల్చుకుందాం. యువ నామ సంవత్సరం 1935 ఉగాదితో మొదలై 1936 ఉగాదికి ముగిసింది. మాఘమాసం ఆ సంవత్సరం చివరి భాగంలో వస్తుంది కనుక మీ మామ్మగారు పుట్టినది 1936 జనవరి నెలాఖరులో. మీ కుటుంబం వేసిన లెక్క సరైనదే, ఆధార్ లెక్క నాలుగేళ్ళు తక్కువ. అరవై సంవత్సరాల చక్రం కాబట్టి యువ 1995లో మళ్ళీ వచ్చింది, అంటే మీ మామ్మగారి షష్టిపూర్తి కూడా ఎప్పుడో అయిపోయింది.

ఇక సహస్ర చంద్ర దర్శనం, అంటే వెయ్యి పున్నములు చూసినవారికి చేసే వేడుక మాటకు వస్తే, ఏడాదికి పన్నెండు పున్నముల చొప్పున లెక్కించి ఎనభై మూడేళ్ళ నాలుగు నెలలకు చేసేవారు కొందరు, అధిక మాసాలను కూడా కలిపి దాదాపు ఎనభై ఏళ్ళ పది నెలలకు చేసేవారు మరికొందరు. ఆకాశంలో పున్నములను నిజంగా లెక్కపెడితే రెండో లెక్కే నిలుస్తుంది. ఎలా చూసినా ఆమె వెయ్యి పున్నములు దాటి చాలా కాలమైంది, ఇప్పుడు వంద దాటి మరి కొన్ని అదనంగా కూడా చూసింది. ఆ సంఖ్య మీ బోర్డు మీద బాగుంటుంది.

మూసీ ఒడ్డు:

మాది పాత నల్లగొండ జిల్లా. మా తాత తొంభై మూడో ఏట వెళ్ళిపోయాడు. ఆయన తొంభయ్యో పుట్టినరోజుకు మేము కూడా మీలాగే ఒక పట్టిక తయారు చేసి భంగపడ్డాము. 1947 ఆగస్టు 15న మీరు ఏం చేశారు అని ఎంతో ఉత్సాహంగా అడిగితే, "ఆనాడు మాకేమున్నదిరా, మేము నిజాం కింద ఉంటిమి" అన్నాడు. మాకు స్వాతంత్ర్యం అంటే 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగిన పోలీసు చర్య. అంతకు ముందటి ఏడాది పాటు రజాకార్ల భయంతో రాత్రి పూట ఆడవాళ్ళను, పిల్లలను జొన్న చేలల్లో దాచిన సంగతి, ఊరి దొర గడీకి వెట్టికి పోయిన సంగతి ఆయన మొదటిసారి ఆ రోజే నోరు విప్పి చెప్పాడు. మా నాన్నకు కూడా అప్పటిదాకా తెలియదు.

వయసు తేల్చుకోవడంలో మాకు ఎదురైన చిక్కు వేరు. ఆయన బడి కాగితం ఉర్దూలో ఉంది, పుట్టిన సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం కాలపు సంవత్సర లెక్కలో వేసి ఉంది. హైదరాబాదు సంస్థానపు ఫసలీకి సుమారు 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. తెలంగాణ వైపు పాత పత్రాలు వెతికేవారు ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే మంచిది.

నాకు తెలిసి వచ్చిన ఉపాయం ఒకటే. సంవత్సరం పేరు చెప్పి అడిగితే పెద్దవాళ్ళు తడబడతారు. వస్తువు చేతికి ఇస్తే వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు. మా తాత చేతిలో ఒక హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి పెట్టగానే ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు (బ్రిటిషు వారి) రూపాయలు వచ్చేవని, సరిహద్దు దాటి అంగడికి పోతే ఆ మారకంలో సేటు ఎట్లా మోసం చేసేవాడో గంట సేపు వివరించాడు. అదే మధ్యాహ్నం భూదాన ఉద్యమం ప్రస్తావన కూడా వచ్చింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న కబురు మా ఊరికి చేరేసరికి వంద కాస్తా వెయ్యి అయ్యిందట!

అనంత రైతుబిడ్డ:

మూసీ ఒడ్డు గారు చెప్పిన మాట అక్షరాలా నిజం. మా జేజి విషయంలో వస్తువు కంటే తిండి బాగా పనిచేసింది. ఆమె పుట్టిన ఊరు రాయదుర్గం తాలూకాలోనిది. 1953లో బళ్ళారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్ర రాష్ట్రంలో కలిపినప్పుడు ఆమె మేనమామ ఇల్లు మైసూరు వైపు పోయింది. మన చరిత్ర పుస్తకాలలో ఒక్క వాక్యంతో ముగిసే ఆ విభజన ఆమెకు ఎలా గుర్తుందంటే, ఆ తరువాత మేనమామ పిల్లలు కన్నడ బడిలో చదివి, ఆమెతో ఉత్తరాలు రాసుకోవడం మానేశారు.

తిండి సంగతి చెబుతాను. మా జేజి చిన్నతనంలో ఇంట్లో రోజూ రాగి సంగటి, కొర్రన్నం, జొన్న రొట్టె. వరి అన్నం పండుగకు, పెళ్ళికి, జ్వరం వచ్చిన వాడికి. 1952 కరవులో గంజి కేంద్రాల దగ్గర వరుసలో నిలబడిన జ్ఞాపకం ఆమెకు ఇప్పటికీ ఉంది, ఆ వరుసలో ఊరి పెద్ద రైతు కూడా తల దించుకుని నిలబడ్డాడని ప్రతిసారీ చెబుతుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా ఇంట్లో పొయ్యి మీద సంగటి కుండ పక్కకు జరిగింది. ఇప్పుడు మధుమేహం వచ్చిందని డాక్టరు ఆమెకు మళ్ళీ కొర్రలు తినమని రాసిచ్చాడు. కొర్రలు బియ్యం కంటే ఎక్కువ ధర పలకడం ఆమె లెక్కలో సెల్‌ఫోను కంటే పెద్ద వింత.

పాతబాట:

చర్చ బాగున్నది. అయితే మార్పులన్నీ మేలుకేనన్నట్టు సాగుతున్నది కనుక ఒక మాట చెప్పక తప్పదు. ఆ తరం రోకలితో దంచిన బియ్యం తిన్నది, తిరగలి విసిరింది, బావి నీళ్ళు చేదింది, మైళ్ళు నడిచింది. అందుకే తొంభై ఏళ్ళు బతికింది. మనకు నలభై ఏళ్ళకే మోకాళ్ళు నొప్పులు. ఆనాటి జీవితం మనకంటే ఆరోగ్యమైనదని మీ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

విశ్రాంత నర్సు:

పాతబాట గారికి గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేశాను. 1951 నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు ముప్పై రెండేళ్ళు. అందరూ ముప్పై రెండుకే పోయారని దాని అర్థం కాదు, పుట్టిన పిల్లలలో చాలామంది అయిదేళ్ళు నిండకుండానే పోయేవారని అర్థం. తొంభై ఏళ్ళ మామ్మను చూసి ఆ తరం గట్టిదంటున్నాము, ఆమెతో పాటు పుట్టి ఆమెతో పాటు పెరగని వారు మన లెక్కలోకి రావడం లేదు. ఏ పెద్దావిడనైనా కూర్చోబెట్టి మీ అమ్మకు ఎన్ని కాన్పులు, ఎందరు దక్కారు అని అడిగి చూడండి. రోకలి సంగతి కూడా ఆమెనే అడగండి. ఊరికి మర వచ్చినందుకు విచారించిన ఆడమనిషిని నేను నా ఉద్యోగ కాలంలో చూడలేదు.

మీ మామ్మగారి భుజం మీద టీకా మచ్చ ఉందేమో కూడా చూడండి. అమ్మవారు పోసిందంటే ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, చల్లకుండలు పెట్టి, దణ్ణం పెట్టుకోవడం తప్ప వేరే దారి లేని కాలంలో ఆమె పుట్టింది. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో నమోదైంది, 1980లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. అంటే ఆమె నలభై ఏళ్ళ వయసులో ఉండగా వేల ఏళ్ళ రోగం ఒకటి లోకం నుంచి పోయింది. ఇది పేపర్లో వచ్చినదే అయినా ఆమె ఒంటి మీద కూడా రాసి ఉన్నది కనుక బోర్డు మీద ఉండవచ్చునని నా అభిప్రాయం.

దివిసీమ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీ సలహా ప్రకారం అటక మీద నుంచి మానిక, సోల, తవ్వ, పాత తిరగలి దించాను. తిరగలి చూడగానే ఆమె విసిరేటప్పుడు పాడుకునే పాట రెండు చరణాలు పాడింది. నర్సు గారు అడగమన్నది కూడా అడిగాను. వాళ్ళ అమ్మకు పదకొండు కాన్పులు, నిలిచినవారు నలుగురు. ఏ మాత్రం తడబాటు లేకుండా పోయిన పిల్లలందరి పేర్లూ చెప్పింది.

ఒక విషయంలో మీ సలహా కావాలి. మాది దివిసీమ అని చెప్పాను కదా. 1977 నవంబరు 19 శనివారం నాటి ఉప్పెన ఆమె నలభై రెండో ఏట వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయిన ఆ ఉప్పెనలో మా బంధువులలో కొన్ని కుటుంబాలు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయాయి. మా నాన్నగారు ఎప్పుడో చెప్పినది తప్ప ఆమె నోటి నుంచి ఆ మాట నేను వినలేదు. బోర్డు మీద అది లేకపోతే అబద్ధం అవుతుందని మా బాబాయి, పండుగ రోజున ఏడిపించవద్దని మా అత్తయ్య అంటున్నారు.

మూసీ ఒడ్డు:

ఆమెనే అడగండి. రజాకార్ల సంగతి మేము తవ్వి తీయలేదు, తాత తానుగా చెప్పాడు. ఆయన చెప్పకపోయి ఉంటే మేము అడిగేవారం కాదు.

విశ్రాంత నర్సు:

అడగడంలో కూడా పద్ధతి ఉన్నది. పదిమందిలో, కెమెరా ముందు అడగవద్దు. ఆమెకు అలవాటైన వేళలో, అలవాటైన మనిషి పక్కన కూర్చుని, "బోర్డు మీద ఉప్పెన రాయమంటావా, వద్దంటావా" అని అంతవరకే అడగాలి. ఏం జరిగిందని అడగనక్కరలేదు. రాయమంటే రాయండి, వద్దంటే ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయండి.

గుంటూరు వకీలు:

పాత పత్రాల గురించి ఒక సూచన చేస్తాను. ఇంట్లో ఉన్న దస్తావేజులు, ప్రామిసరీ నోట్లు, పన్ను రసీదులు, రేషన్ కార్డులు బయటికి తీయండి. జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మూడు సింహాల ముద్ర ఉన్న స్టాంపు కాగితం పక్కపక్కన పెడితే స్వాతంత్ర్యం గురించి వేరే చెప్పనక్కరలేదు. కరణంగారి చేతిరాతతో ఉన్న అడంగలు నకలు దొరికితే మరీ మంచిది, 1984లో మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేశాక ఆ రాత మళ్ళీ కనబడదు.

అయితే ఆ కాగితాలలో మీ మామ్మగారి పేరు ఎప్పటి నుంచి కనబడుతున్నదో కూడా చూడండి. నా వృత్తిలో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇదే. ఆమె పుట్టిననాటికి భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో జీవనభృతి తప్ప పెద్దగా హక్కు లేదు. 1937 చట్టంతో అటువంటి స్త్రీకి తాను బతికినంత కాలం అనుభవించే పరిమిత హక్కు వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం దానిని సంపూర్ణ హక్కుగా మార్చింది. ఆ తరువాత మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ వల్ల 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్ళైన వారికి రాలేదు, వారు 2005 కేంద్ర సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ఒకే తల్లి కూతుళ్ళలో ఆ తేదీకి ముందు పెళ్ళైన అక్కకు లేక, తరువాత పెళ్ళైన చెల్లెలికి వాటా వచ్చిన ఇళ్ళు నాకు అనేకం తెలుసు. మీ అత్తయ్యలు ఏ వైపున పడ్డారో మీ మామ్మగారికి తప్పక గుర్తుంటుంది.

డల్లాస్ తెలుగు:

మా పిల్లలకు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది కానీ చదవడం రాదు. ఇటువంటి బోర్డు మా ఇంట్లో పెడితే వాళ్ళు ఫోటోలు చూసి వెళ్ళిపోతారు. మేము మా అమ్మమ్మ కోసం చేసింది వేరు. పిల్లల చేత ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్న అడిగించి, ఆమె సమాధానాన్ని ఫోనులో గొంతు మాత్రమే రికార్డు చేశాము. వీడియో అంటే ఆమె చీర సర్దుకుని, గొంతు మార్చుకుని, ఉపన్యాసం మొదలుపెట్టేది. పిల్లలు పెద్దలు అడగని ప్రశ్నలు అడుగుతారు. మా అబ్బాయి, "మీ ఇంట్లో లైటు లేనప్పుడు రాత్రి బాత్రూముకు ఎలా వెళ్ళేవారు" అని అడిగాడు. దానికి ఆమె చెప్పిన జవాబులో లాంతరు, తేలు, తోడుకు లేపిన చెల్లెలు, పెరటి వెనుక చింతచెట్టు మీద దయ్యం అన్నీ వచ్చాయి.

పాతబాట:

నర్సు గారి మాటతో నేను కొంతవరకు ఏకీభవిస్తున్నాను, పోయిన పిల్లల సంగతి నేను ఆలోచించలేదు. అయినా ఒక సందేహం. భర్త పోయిన పెద్దావిడకు పీటల మీద కూర్చోబెట్టి ఆయుష్షు హోమం చేయవచ్చునా? మా వైపు పెద్దలు ఒప్పుకోరు.

పంచాంగ ప్రియుడు:

ఆయుష్షు కోరి చేసే హోమం ఒంటరిగా ఉన్నవారికి చేయకూడదనే నియమం నాకు ఎక్కడా కనబడలేదు. చాలా ఇళ్ళలో పిల్లలు కర్తలుగా కూర్చుని తల్లి పేరున సంకల్పం చెప్పుకుంటారు. ఆచారం పేరుతో పండుగ ఎవరిదో ఆమెనే వెనుక వరుసలో కూర్చోబెట్టే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. పురోహితుడితో ముందే మాట్లాడుకోండి, క్రతువు గంటకు మించకుండా చూడమనండి. తొంభై ఏళ్ళ మనిషిని హోమం పొగ ముందు మూడు గంటలు కూర్చోబెట్టడం ఆయుష్షుకు మంచిది కాదు.

అనంత రైతుబిడ్డ:

భోజనం సంగతి కూడా చూసుకోండి. మా జేజి పండుగకు ఇరవై రకాలు వండించి, ఆమె నమలగలిగినది ఒక్కటీ వండించలేదు. మెత్తటి పప్పన్నం, పాయసం ఆమెకు ముందుగా, ఆమె తినే వేళకే పెట్టండి.

పిల్లలకు ఒక చిన్న అంగడి పెట్టించండి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు లెక్కన మరమరాలు, బెల్లం అమ్మించండి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంపావు పైసలు కావడంతో ఆ పావు పైసా దగ్గర ఎన్ని తగాదాలు జరిగాయో మామ్మగారే చెబుతారు. అంగట్లో ఆమెను కూర్చోబెడితే లెక్కలో మునిమనవలెవరూ ఆమెను గెలవలేరు.

దివిసీమ వాసి:

ఉప్పెన గురించి నర్సు గారు చెప్పిన పద్ధతిలోనే అడిగాను. కొంతసేపు ఆలోచించి, "రాయి, కానీ 1990 కూడా రాయి" అన్నది. ఎందుకని నేను అడగలేదు, ఆమే చెప్పింది. 1977లో రేడియోలో హెచ్చరిక విన్నవారు ఉన్నా ఎంత పెద్దది వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు, వెళ్ళడానికి గట్టి కట్టడమూ లేదు. ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుపాను వచ్చినప్పుడు అధికారులు ముందే లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించారు, రాష్ట్రంలో మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఆ రాత్రి మా కుటుంబమంతా షెల్టర్‌లో ఉన్నది. పశువులను విప్పి వదిలి రావలసి వచ్చిందని ఆమె ఇప్పటికీ నొచ్చుకుంటుంది కానీ మనుషులందరూ తిరిగి ఇంటికి వచ్చారు. రోజూ సాయంత్రం టీవీలో ఏ సీరియలు వస్తున్నా వాతావరణ వార్తల వేళకు ఛానలు మార్చమని ఆమె ఎందుకు పట్టుబడుతుందో నాకు ఇప్పుడు తెలిసింది.

బోర్డు పూర్తిగా మార్చేశాను. సంవత్సరాల వరుస తీసివేసి, నదిని గీశాను. ఒక ఒడ్డున రేపల్లె వైపు ఊరు, మరో ఒడ్డున మా ఊరు, మధ్యలో పడవ, దాని పైన వంతెన. ఆమె చెప్పిన సంగతులన్నీ ఏ ఒడ్డున జరిగితే ఆ ఒడ్డున రాస్తున్నాము. వకీలు గారు అడిగినది కూడా కనుక్కున్నాను: ఇద్దరు అత్తయ్యలూ 1985కు ముందే పెళ్ళైనవారు. చట్టం ఇవ్వకపోయినా మా తాతయ్య పోయాక తన పేరున వచ్చిన పొలంలో నుంచి చెరొక అర ఎకరం మామ్మే రాసిచ్చిందట. ఈ దస్తావేజు మా ఇంటి బీరువాలోనే ఉన్నది, మనవలం ఎవరమూ ఎన్నడూ విప్పి చూడలేదు.

గుంటూరు వకీలు:

అసలు దస్తావేజును బోర్డుకు అంటించవద్దు. రంగుల నకలు తీయించి అది పెట్టండి, ఆమె వేలిముద్ర గానీ సంతకం గానీ ఉన్న పుట అయితే మంచిది.

దివిసీమ వాసి:

సంతకమే ఉన్నది. నకలు రేపే తీయిస్తాను.